ఉలుద్రమ్మ వంతెన దాటిందా?

ఆగస్టు 4, సోమవారం

రేపు అత్తయ్యకి కంటి ఆపరేషన్. కుడి కంట్లో రెటీనా మధ్యలో చిన్న రంధ్రం పడిందట. మనిషి ఎదురుగా నిలబడితే మొహం ఉండాల్సిన చోట మసక మరక, చుట్టూ జుట్టూ చెవులూ కనిపిస్తాయట. ఎడమ కంటికి ముందు నుంచే చూపు తక్కువ. "నువ్వొస్తే చీర ఒకటే నడిచొచ్చినట్టుంది, పైన మనిషి లేదు" అంది మొన్న. 

బ్యాగ్ సర్దాను. చీరల అడుగున నా పుస్తకం పెట్టాను. జాకియా ఇచ్చింది. జాకియా నాతో డిగ్రీ చదివింది, ఇప్పుడు నందిగామలో జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతోంది. ఇంత పొడుగు ఫాంటసీ నవలలు మా పేట, నందిగామ కలిపి మేమిద్దరమే చదువుతామని మా నమ్మకం. ఇది మొదటి సంపుటం. ఇటుకంత ఉంది. ఓంకార్ చేత్తో ఎత్తి చూసి, కొట్లో తూకానికి పనికొస్తుందన్నాడు. మా ఆయన మంచివాడే. పుస్తకాల సంగతి తెలియదు, అంతే.

పెళ్ళయిన కొత్తలో అత్తయ్య ఒకసారి అడిగింది, పరీక్షేమన్నా ఉందా అని. లేదన్నాను. మరి అంత లావెందుకు అంది. నాకప్పుడు జవాబు తోచలేదు. ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. లేని ఊరి గురించి అంత శ్రద్ధగా చెప్పేవాళ్ళంటే నాకు ఇష్టం. బావి ఊరికి ఏ పక్కనుందో, రొట్టెలు ఏ పిండితో చేస్తారో, వాన పడితే ఏ వీధి మునుగుతుందో, అన్నీ చెబుతారు. చెప్పేకొద్దీ ఊరు గట్టిపడుతుంది. కాసేపటికి నేను అందులో నడుస్తుంటాను. అక్కడ నేను ఎవరి కోడల్నీ కాదు.

ఆగస్టు 5, మంగళవారం. విజయవాడ

ఆపరేషన్ అయింది. కంట్లో గ్యాస్ బుడగ పెట్టారు. గ్యాస్ ఎప్పుడూ పైకే తేలుతుంది కాబట్టి మొహం నేలకేసి ఉంచితేనే ఆ బుడగ వెనక్కి వెళ్ళి రంధ్రాన్ని నొక్కి పట్టుకుంటుందట. మళ్ళీ చెకప్ దాకా తిన్నా, పడుకున్నా, కూర్చున్నా తల దించుకునే ఉండాలి. కన్ను నలపకూడదు. తల ఎత్తితే చూపు రాకపోవచ్చు.

అత్తయ్య అంతా విని, "అంటే తల దించుకుని బతకాలన్నమాట. ఈ వయసులో నేర్చుకుంటున్నా" అంది.

డాక్టర్‌గారు నవ్వారు. ఆయనకి మా అత్తయ్య తెలియదు. మామయ్య పోయాక ఆవిడే గల్లాపెట్టె దగ్గర కూర్చుని హోల్‌సేల్ కిరాణా నడిపింది. ఓంకార్‌కి గల్లా అప్పగించింది పోయినేడే.

ఆగస్టు 6, బుధవారం

పేటకి వచ్చేశాం. కారులో కూడా ఒళ్ళో దిండు పెట్టుకుని వంగే కూర్చుంది. చిల్లకల్లు దగ్గర సిమెంటు లారీలు ఆగిపోయి కారు అరగంట కదల్లేదు. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. మొండితనం ఒక్కోసారి మందులా పనిచేస్తుంది.

మంచం మీద రెండు దిళ్ళు ఎడంగా వేసి, ఆ సందులో మొహం పెట్టుకుని బోర్లా పడుకుంటోంది. కాసేపు కుర్చీలో కూర్చుని బల్ల మీద నుదురు ఆనిస్తోంది. కనిపించేది గచ్చు ఒక్కటే, అదీ మసగ్గా.

మధ్యాహ్నం టీవీ పెట్టమంది. సీరియల్ వచ్చింది. పావుగంట విని కట్టెయ్యమంది. "ఇందులో మాటలు లేవే! అంతా మ్యూజిక్కూ, చూపులూనూ. చూడకపోతే ఏం జరుగుతుందో తెలీట్లా" అంది.

నేను మూల కుర్చీలో నా పుస్తకం చదువుకుంటున్నాను. ఆ కాగితాల చప్పుడేంటంది. పుస్తకమన్నాను. ఆ లావుదేనా అంది. అవునన్నాను.

"చదివేదేదో పైకి చదువు. గోడకన్నా వినపడుద్ది."

ఆగస్టు 7, గురువారం

ఇంగ్లీషులో చదివి తెలుగులో చెబుతున్నాను. మొదటి ఛాప్టరంతా ఒక ఉప్పు సంత. కథేమీ జరగదు. ఆవిడకి విసుగొస్తుందని గబగబా దాటేయబోయాను.

"ఆగు. ఏ ఉప్పు? సముద్రపుదా, గని ఉప్పా?"

వెనక్కి తిప్పి చూశాను. రాసి ఉంది. కొండ ఉప్పు, గులాబీ రంగు, ఎడ్ల వీపు మీద పలకలుగా కట్టి తెస్తారట. తడవకుండా ఏం కప్పుతారంది. అదీ ఉంది. మైనం పూసిన తోలు. అత్తయ్య, "రాసినోడికి యాపారం తెలుసు" అంది. ఆవిడ నోట నేను విన్న పెద్ద మెచ్చుకోలు ఇదే.

తర్వాత ఏదీ వదలలేదు. అందులో కేలెన్ అని ఒక యువరాజు ఉన్నాడు. వాడి దండు ఉత్తరాన కొండకోటలకి వెళుతుంది. ఆ కొండల కింద రాతి పాములు నిద్రపోతుంటాయి. మంత్రం తెలిసినవాళ్ళున్నారు కానీ, మంత్రం వేసినప్పుడల్లా వాళ్ళ జ్ఞాపకాల్లో ఒకటి శాశ్వతంగా పోతుంది. ఇది అత్తయ్యకి బాగా నచ్చింది. "అదీ లెక్క. ఊరికే వచ్చే మంత్రాలైతే నేను విననమ్మాయ్" అంది.

దండుకి తిండి ఎవరు చూస్తారని అడిగింది. ఆ అడిగిన కాసేపటికే కథలోకి ఊల్ద్రా వచ్చింది. వయసుమళ్ళిన విధవ. బార్లీ పిండి, ఎండబెట్టిన పళ్ళు, వెన్న తిత్తులు, పశువుల మేత, అన్ని బండ్లూ ఆవిడ చేతి కింద నడుస్తాయి. యువరాజు కూడా ఆవిడ దగ్గర నోరెత్తడు.

పేరు మళ్ళీ చెప్పమంది అత్తయ్య. చెప్పాను.

"ఉలుద్రమ్మ" అంది. ఇంక అదే పేరు.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. అత్తయ్య మంచం మీద బోర్లా పడుకుని అక్కణ్ణుంచే అన్నీ చెప్పింది. కలశం కింద బియ్యం ఇంకొంచెం పొయ్యి, తోరానికి ముళ్ళు సరిగా వెయ్యి, పూర్ణాలు మాడుతున్నాయి చూసుకో. కళ్ళు మూసి ఉన్నా ముక్కు పనిచేస్తూనే ఉంది.

పేరంటాళ్ళు వెళ్ళగానే పిలిచింది. మంచినీళ్ళకేమో అనుకుని వెళ్ళాను.

"ఉలుద్రమ్మకి మేత దొరికిందా?"

ఆగస్టు 9, శనివారం

పొద్దుణ్ణుంచీ చెబుతూనే ఉన్నాను. గొంతు పోయింది. మిరియాల పాలు ఆవిడే గుర్తుచేసింది.

ఆగస్టు 10, ఆదివారం

ఓంకార్ భోజనానికి వచ్చి అరగంట కూర్చున్నాడు. కూర ఇంకా పొయ్యి మీదే ఉంది. ఏమైందని అడిగితే, దండు మంచులో చిక్కుకుందిరా, ఆగు అంది వాళ్ళమ్మ. ఆయన నావైపు చూశాడు. నేనేం చెయ్యను?

నిజానికి నాకు ఈ నాలుగు రోజులూ విచిత్రంగా ఉన్నాయి. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి మేమిద్దరం మాట్లాడుకున్నది పప్పు, ఉప్పు, చాకలి, జీఎస్టీ బిల్లులు. ఇప్పుడు ఎడ్ల పేర్ల మీద వాదించుకుంటున్నాం. యువరాజు తమ్ముడు మంచివాడు కాదని ఆవిడ మొదట్లోనే చెప్పింది. ఎలా తెలుసన్నాను. భోజనం దగ్గర ముందు తనకే వడ్డించుకున్నాడు కదా, నువ్వే చదివావంది. అవును, నేనే చదివాను. పట్టించుకోలేదు. రచయిత ఒక్క వాక్యంలో మాటవరసకి అన్నట్టు పడేసి వెళ్ళిపోయాడు. పొడుగు పుస్తకాల్లో ఉన్న సుఖం అది. అన్నీ పెద్దగా చెప్పరు. మనం చూస్తామని నమ్మి వదిలేస్తారు.

మధ్యాహ్నం ఆవిడ నిద్రపోయాక ఆత్రం పట్టలేక నేను ముందుకి చదివేశాను.

ఊల్ద్రా చచ్చిపోయింది.

నల్లలోయ మీద రాతి వంతెన. దండంతా దాటింది. ఆఖరి బండ్లు ఇంకా అవతలే ఉన్నాయి. ఆ వంతెనే రాతిపాము అని అప్పుడు తెలుస్తుంది. అది మేలుకుంటుంది. బండ్లు దాటేదాకా ఊల్ద్రా దాన్ని తనకి తెలిసిన మంత్రంతో పట్టి ఉంచుతుంది. బండ్లు దాటాయి. ఆవిడ దాటలేదు.

వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. తర్వాత భయమేసింది. అత్తయ్య ఇది వింటే? దిగ్గున లేచి కూర్చుంటే? కన్ను నలుపుకుంటే? ఇన్నాళ్ళు పడిన కష్టం ఒక్క నిమిషంలో పోతుంది.

ఆగస్టు 11, సోమవారం

వంతెన దాటించేశాను.

బండ్లతోపాటు ఊల్ద్రా కూడా దాటిందని చెప్పాను. పాము పక్కకి తిరిగి పడుకుందన్నాను. అత్తయ్య గట్టిగా ఊపిరి వదిలింది. "హమ్మయ్య. ఆవిడ లేకపోతే ఆ కుర్రాడు తిండి లేక పోతాడు" అంది.

జాకియాకి ఫోన్ చేసి చెప్పాను. జాకియా తిట్టింది. అది ఎవరి కథనుకున్నావే, నీదా, అంది. ఆ చావు మీదే మిగతా సంపుటాలన్నీ నిలబడ్డాయి, ఇప్పుడు రెండో సంపుటం ఎలా చెబుతావంది. చెకప్ అయ్యేదాకా ఎలాగో లాగిస్తానన్నాను. "అబద్ధాన్ని లాగడం కాదు, మోయాల్సొస్తది" అంది. జాకియా ఏదన్నా చెబితే క్లాసులో చెప్పినట్టే ఉంటుంది.

ఆగస్టు 12, మంగళవారం

జాకియా చెప్పింది నిజమే. పుస్తకంలో ఊల్ద్రా పోయాక యువరాజు మాట్లాడడు. నా కథలో ఆవిడ బతికే ఉంది, కాబట్టి వాడు మాట్లాడాలి. ఏం మాట్లాడతాడు? బండ్లవాళ్ళు పుస్తకంలో జుట్టు తీయించుకుంటారు. నా కథలో వాళ్ళకి పనేం లేదు. ఆఖరికి ఊల్ద్రాని ధాన్యం తెమ్మని పక్క కోటకి పంపించేశాను.

ఏ దారిన వెళ్ళిందంది అత్తయ్య. అడవిదారి అన్నాను. ఏ అడవి అంది. పైన్ చెట్లన్నాను. రాత్రుళ్ళు ఎక్కడ ఆగిందంది. సత్రంలో అన్నాను. సత్రం నడిపేదెవరంది. ఎవరో ముసలాయన అన్నాను.

ఎవరో ముసలాయన! ఆ రచయితైతే ఆయన చొక్కా గుండీ ఏ దారంతో కుట్టుకున్నాడో కూడా చెప్పేవాడు. నేను చెప్పిన అడవిలో చలి లేదు. నా ఎడ్లకి పేర్లు లేవు. కూర్చుని కల్పిస్తుంటే తెలిసింది. ఆ లావంతా ఊరికే పెరిగింది కాదు.

ఆగస్టు 13, బుధవారం

దొరికిపోయాను.

పొద్దున టిఫినయ్యాక కథ మొదలుపెట్టాను. ఊల్ద్రా ధాన్యంతో తిరిగొస్తోందన్నాను. అత్తయ్య దిళ్ళ మధ్య నుంచి నెమ్మదిగా అంది.

"వల్లీ, ఆ వంతెన దాటిందగ్గర్నుంచి నీ కథలో ఎవరూ అన్నం తినట్లా."

నేను పుస్తకం మూశాను.

"అంతకుముందు ప్రతి పూటా తినేవాళ్ళు. గంజో, రొట్టో, ఎండు పళ్ళో. రెండ్రోజులుగా నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు. తిండి లేదు. వాన లేదు. ఎద్దు పేడ కూడా లేదు." తర్వాత అడిగింది. "ఉలుద్రమ్మ పోయిందా?"

పోయిందన్నాను.

తల ఎత్తలేదు. ఏడవలేదు. తిట్టనూ లేదు. తిట్టి ఉంటే బాగుండేది. నువ్వు పో, నీ పని చూసుకో అంది. మధ్యాహ్నం మజ్జిగన్నం కలిపి పట్టుకెళితే వద్దంది. ఓంకార్ వచ్చి బతిమాలాడు. వాడిని లోపలికి రావద్దని చెప్పమంది. ఆయన గుమ్మంలోనే నిలబడి నన్నడిగాడు, ఏమైందని. కథలో ఒకావిడ చచ్చిపోయింది, నేను చెప్పలేదు అన్నాను. చిరాకు పడతాడనుకున్నాను. మొహం పాలిపోయింది. చెప్పులేసుకుని కొట్టుకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం హాస్పిటల్‌కి ఫోన్ చేశాను. ఏడిస్తే కంటికేమన్నా అవుతుందా అని అడిగాను. సిస్టర్ నవ్వి, ఏడిస్తే ఏం కాదండీ, నలపకుండా తల దించుకుని ఏడవమనండి చాలు అంది.

ఇది సోమవారమే అడిగి ఉండాల్సింది.

ఆగస్టు 14, గురువారం

పొద్దున కాఫీ తాగింది. స్ట్రాతో తాగుతూ మధ్యలో ఆపి తనే చెప్పింది.

కోవిడ్ సంగతి. మామయ్యని నేను ఫోటోలో తప్ప చూడలేదు. మా పెళ్ళి ఆయన పోయిన మరుసటేడు. ఆయన గురించి ఈ ఇంట్లో అందరూ మాట్లాడతారు, ఆయన పోవడం గురించి ఎవరూ మాట్లాడరు. ఎందుకో నాకిన్నాళ్ళూ తెలియదు.

ఇద్దరూ విజయవాడలో ఒకే ఆస్పత్రిలో, వేరే వేరే వార్డుల్లో ఉన్నారట. ఆయనెలా ఉన్నారని ఈవిడ అడిగితే, బాగున్నారు, కంగారు పడొద్దు అనేవారట. రోజూ అదే మాట. ఈవిడ కోలుకుని ఇంటికొచ్చాక గానీ అసలు విషయం చెప్పలేదు. అప్పటికి చిన్నకర్మ, పెద్దకర్మ అన్నీ అయిపోయాయి.

"నాకప్పుడే తెలుసు. బాగున్నారంటారు గానీ ఏం తిన్నారో చెప్పరు. ఏమన్నారో చెప్పరు. ఉన్న మనిషి గురించి అట్టా మాట్లాడతారా ఎవరన్నా?"

నేను కింద కూర్చుని ఆవిడ కాళ్ళు పట్టుకున్నాను. వదులంది. కాళ్ళు పట్టుకుంటే కథ ఎవరు చెబుతారంది.

"వంతెన దగ్గర్నుంచి చెప్పు. ఉన్నదున్నట్టు. ఒక్క ముక్క కూడా వదలొద్దు."

చెప్పాను. పాము కదలడం, రాళ్ళ మధ్య నుంచి సున్నం రాలడం, వెనక బండి ఎద్దు మొరాయించడం. ఊల్ద్రా వంతెన మధ్యలో కూర్చుని మంత్రం పట్టింది. ఒక్కో బండి దాటేకొద్దీ ఒక్కో జ్ఞాపకం ఖర్చవుతుంది. ముందు చిన్నప్పటి ఇల్లు పోయింది. తర్వాత తల్లి గొంతు. తర్వాత మొదటిసారి తూకం పట్టిన రోజు. ఆఖరి బండి వచ్చేటప్పటికి ఆవిడ దగ్గర మిగిలింది భర్త పేరొక్కటే. దాన్ని కాసేపు నోట్లో పెట్టుకుని ఉండి, ఖర్చుపెట్టేసింది.

అక్కడ ఆపాను. కానివ్వు అంది అత్తయ్య.

తర్వాత నలభై పేజీలు ఆవిడ అంత్యక్రియలే. శవాన్ని లోయలోకి దిగి ఎవరు తెచ్చారు, ఏ నీళ్ళతో కడిగారు, ఏ గుడ్డ కప్పారు, బండ్లవాళ్ళు ఏం పాడారు. ఇంకెక్కడన్నా చదివితే ఇంత ఎందుకని విసుక్కునేదాన్ని. ఇవాళ ఒక్క మాట ఎక్కువనిపించలేదు. అత్తయ్య కళ్ళనీళ్ళు దిళ్ళ సందులోంచి తిన్నగా గచ్చు మీద పడుతున్నాయి. చెయ్యి కంటి దగ్గరికి పోలేదు. తల ఎత్తలేదు.

అయిపోయాక అంది. "ఆ యువరాజు కేళనబ్బాయి అదృష్టవంతుడు. అంతా చూశాడు."

ఆగస్టు 15, శుక్రవారం

కొట్టుకి సెలవు. స్కూలు పిల్లలు జెండాలు పట్టుకుని వెళ్ళాక అత్తయ్య ఓంకార్‌ని పిలవమంది.

ఆయన వచ్చి నిలబడ్డాడు. నీ మొహం కనపట్లేదు, కింద పడుకోరా అంది. మంచం చివరకి జరిగి తల బయటికి పెట్టింది. ఓంకార్ చాప వేసుకుని వెల్లకిలా పడుకున్నాడు. పైనుంచి ఆవిడ మొహం, కింద ఈయన మొహం. నేను వెళ్ళిపోబోతే ఉండమంది.

"మీ నాన్న ఆ రోజు ఏం తిన్నాడు? పొద్దుణ్ణుంచీ చెప్పు."

ఆయన ఇప్పుడెందుకమ్మా అన్నాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు. ఎదురుచూసింది. ఓంకార్ కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

పొద్దున ఉప్మా ఇచ్చారు. రెండు చెంచాలు తిన్నాడు. ఉప్పు లేదన్నాడు. వార్డుబాయ్ నాన్నని ఫోన్‌లో చూపించాడు. గడ్డం పెరిగింది. కళ్ళజోడు తుడుచుకోవడానికి గుడ్డ లేదంటే ఆ అబ్బాయే తన చొక్కాతో తుడిచి పెట్టాడు. కందిపప్పు లోడు దిగిందా అని అడిగాడు. దిగిందని చెప్పాను. దిగలేదు. మీ అమ్మ ఏం తిందన్నాడు. పెరుగన్నం తిందన్నా. అప్పటికి నువ్వు మంచినీళ్ళు కూడా తాగట్లేదు. "ఆయనకీ అబద్ధమే చెప్పానమ్మా. అటూ ఇటూ ఇద్దరికీ నేనే చెప్పా."

అక్కడ ఏడ్చాడు. మా పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూడలేదు. అత్తయ్య ఊరుకోబెట్టలేదు. తర్వాత ఏమైందంది.

సాయంత్రం పోయాడు. కవర్లో చుట్టి ఇచ్చారు. ఊరికి తీసుకెళతానంటే అంబులెన్స్ ఎవరూ రామన్నారు. నందిగామ నుంచి చాంద్ బాషా అని ఒకాయన వచ్చాడు. నన్ను అందులో ఎక్కనివ్వలేదు, వెనక బండి మీద వచ్చా. తిన్నగా పేట పక్కన పాలేటి ఒడ్డుకే తీసుకెళ్ళాం. గ్లోవ్స్‌లో నా చేతులు వణికి తులసి నీళ్ళు పోయలేకపోయా. బాషానే నా చెయ్యి పట్టుకుని పోయించాడు. కవరు మీద ఉత్తరీయం కప్పాం.

"ఏ ఉత్తరీయం?"

"ఆకుపచ్చంచుది. బీరువాలో పైనుంది, కొట్లో కుర్రాడి చేత తెప్పించా."

"అది నేను కొన్నదే" అంది. కింద ఉన్న కొడుకు నుదుటి మీద నీళ్ళ చుక్కలు పడ్డాయి. ఆయన తుడుచుకోలేదు.

అన్నం వేళ దాటిపోయింది. వంకాయ కూర చేశాను. ముగ్గురం ఆ గదిలోనే తిన్నాం. కూరలో కారం తక్కువైందంది.

ఆగస్టు 17, ఆదివారం

వాన. కథ చెప్పమనలేదు. ఓంకార్‌ని పిలిచి అవే మళ్ళీ అడిగింది, చెప్పించుకుంది. ఈసారి ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. చొక్కా ఏ రంగుదని అడిగితే వార్డుబాయ్‌దా, నాన్నదా అన్నాడు. ఇద్దరిదీ చెప్పరా అంది.

ఆగస్టు 19, మంగళవారం. నందిగామ

చెకప్. మా డాక్టర్‌గారు వారానికొకసారి నందిగామలో చూస్తారు. రంధ్రం మూసుకుందన్నారు. తల ఎత్తమన్నారు. అత్తయ్య ఎత్తింది. మెడ పట్టేసి మళ్ళీ దించింది. మళ్ళీ నెమ్మదిగా ఎత్తింది. కంట్లో ఇంకా కొంచెం గ్యాస్ ఉంది, నీళ్ళగ్లాసు ఊగినట్టు చూపు ఊగుతోందంది. పూర్తి చూపుకి నెలలు పడుతుందన్నారు. నావైపు చూసి, ముక్కు కనపడుతోందంది.

జాకియా కాలేజీ నుంచి వచ్చి రెండో సంపుటం ఇచ్చింది. అత్తయ్య దాన్ని పట్టుకుని చూసి, మొదటిదానికన్నా లావుగా ఉందని తృప్తి పడింది.

తర్వాత చాంద్ బాషా ఇంటికి వెళ్దామంది. ఓంకార్ ఫోన్‌లో నంబరుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెయ్యలేదట. చేస్తే వెంటనే ఎత్తాడు. ఇప్పుడు అంబులెన్స్ మానేసి సొంత ఆటో నడుపుతున్నాడు. తనే వచ్చి తీసుకెళ్ళాడు. వాళ్ళావిడ ఖాదర్‌బీ గారు కుర్చీలు తుడిచి వేశారు, టీ పెట్టారు.

అత్తయ్య తను ఎవరో చెప్పింది. పేట, కిరాణా కొట్టు, రాధాకృష్ణమూర్తిగారి భార్యనని. ఆయనకి గుర్తుంది. ఆ రోజుల్లో చాలామందిని తీసుకెళ్ళాడు, అయినా గుర్తుంది.

"దారిలో ఏం జరిగిందో మావాడికి తెలీదు. వాడు వెనక ఉన్నాడు. మీరే చెప్పాలి" అంది.

ఏం జరగలేదమ్మగారూ అన్నాడు ఆయన. తర్వాత సిగ్గుపడుతూ చెప్పాడు.

"నాకో అలవాటుండేదండి. వెనక ఒక్కరే ఉంటారు కదండీ, అయినవాళ్ళని ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. అందుకని నేను మాట్లాడేవాణ్ణండి. ఇబ్రహీంపట్నం దాటామండీ, కంచికచర్ల వచ్చిందండీ, అని. మీ ఆయనగారికీ చెప్పా. కీసర కాడ మునేరు బ్రిడ్జి ఎక్కామండీ, నీళ్ళు లేవండీ అన్నా. ఇది నందిగామండీ, మా ఇల్లు ఈ పక్కేనండీ అన్నా. చిల్లకల్లులో మలుపు తిప్పేటప్పుడు, మీ అబ్బాయి వెనకే వస్తున్నాడండీ, పేటొచ్చేశామండీ అన్నా. అంతేనండి."

 ఖాదర్‌బీ గారు ఆయన వైపు చూస్తున్నారు. ఆవిడకీ ఈ సంగతి తెలియదనుకుంటాను.

అత్తయ్య టీ పూర్తిగా తాగింది. బయట ఎవరింట్లోనూ తాగదు. గ్లాసు కింద పెట్టి, చేతులు జోడించి, చాలా బాగా చెప్పారు బాబూ అంది.

ఆగస్టు 21, గురువారం

రెండో సంపుటం మొదలుపెట్టాం. ఈసారి ఓంకార్ కూడా విన్నాడు, వినట్లేదన్నట్టు. యువరాజు తమ్ముడు దండు వదిలి పారిపోయాడు. నేను చెప్పలేదా అంది అత్తయ్య.

ఆగస్టు 23, శనివారం

ఎనిమిది సంపుటాలని అనుకున్నాం గానీ, ఎనిమిదోది ఇంకా రాలేదని ఇవాళ చెప్పాను. రచయిత రాస్తూనే ఉన్నాడన్నాను.

ఆయన వయసెంతంది. డెబ్బై నాలుగన్నాను.

ఆయనకి షుగరుందేమో కనుక్కోమంది.

రేపటి నుంచి రోజుకి పది పేజీలు చాలంది.